కీళ్ళవాతం మందులు వాడుతూ జ్వరం, పుండ్ల నుంచి కాచుకోవడం ఎలా?

సార్వా ఊడ్పులు మొదలైతే మా కోనసీమలో మందుల షాపుల దగ్గర వినబడే మాట ఒకటే: "నొప్పుల బిళ్ళలు ఓ నాలుగియ్యండి." ఆ నాలుగూ ఏమిటో అడిగేవాళ్ళు తక్కువ. రుమటాయిడ్ కీళ్ళవాతం ఉన్నవాళ్ళు మాత్రం అడిగి తీరాలి.

1. ఇంట్లో ఉన్న అట్టలన్నీ మంచం మీద పోసి విడదీయండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ ఒక కుప్ప. ఇవి ఒంట్లో వాపు, నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని ఆపి వాటిని తగ్గిస్తాయి. రోగనిరోధక శక్తిని పెద్దగా అణచవు గానీ జ్వరాన్ని కప్పేస్తాయి. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ రెండో కుప్ప, అంటే స్టెరాయిడ్లు. కీళ్ళవాతాన్ని అదుపులో ఉంచే మెథోట్రెక్సేట్‌ది మూడో చోటు. పేరు లేని పొట్లాలు, పొడులు ఉంటే వాటినీ డాక్టరుకు చూపించండి. కొన్నిట్లో స్టెరాయిడ్ కలుస్తుంది.

2. రెండో కుప్పను తేలిగ్గా తీసుకోకండి. ఈ జబ్బులో మన రక్షణ కణాలే మన కీళ్ళ లోపలి పొర మీద పడతాయి. స్టెరాయిడ్ వాటిని అణుస్తుంది, దాంతోపాటే సూక్ష్మజీవులతో పోరాడే బలమూ తగ్గుతుంది. 1948లో అమెరికాలో కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఈ జబ్బుకు మొదటిసారి ఇచ్చినప్పుడు, కదల్లేని రోగి కొద్దిరోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆ పరిశోధనకు నోబెల్ కూడా వచ్చింది. దుష్ఫలితాలు తర్వాత బయటపడ్డాయి. మా ఊళ్ళో "సూది పడగానే లేచి తిరిగాను" అనేవాళ్ళను చూస్తే నాకదే గుర్తొస్తుంది. అలాగని వారాల తరబడి వాడినదాన్ని ఒక్కసారిగా మానకూడదు. ఒంట్లో సహజంగా తయారయ్యే హార్మోను అప్పటికి మందగించి ఉంటుంది. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

3. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. ఆ రోజు పేరు కేలండరు మీద ఎర్రసిరాతో రాయండి. పొరపాటున రోజూ వేసుకుంటే మూలుగ దెబ్బతిని తెల్ల రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. నోట్లో పుండ్లు లేస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. రక్తపరీక్షలు చెప్పిన గడువుకే చేయించుకోవాలి.

4. బురదలో దిగేముందు కాళ్ళు చూసుకోండి. పగుళ్ళుంటే దిగొద్దు, తప్పకపోతే బూట్లు వేసుకోండి. ఎలుకల మూత్రం కలిసిన చేలనీళ్ళ వల్ల ఎలుక జ్వరం వస్తుంది.

5. జ్వరం తగిలితే ఇంకో డైక్లోఫెనాక్ వేసుకోకండి. డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఒళ్ళు కాలకపోయినా నీరసం, వణుకు ఉంటే చాలు, వెళ్ళాల్సిందే. మెథోట్రెక్సేట్ ఆ వారం ఆపాలా అని అడగండి. మంచం మీద విడదీసిన అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. "తెల్ల బిళ్ళ, చిన్నది" అంటే ఏ డాక్టరుకీ అర్థం కాదు.