పేస్‌మేకర్ వైరు వల్ల వాల్వ్ లీకైతే, ఛాతీ కోయకుండా ఏం చేయొచ్చు?

పేస్‌మేకర్ పెట్టించుకున్న కొన్ని నెలలకో ఏళ్లకో కాళ్లు వాయడం, పొట్ట ఉబ్బరం, ఆకలి మందగించడం, నాలుగడుగులకే ఆయాసం మొదలైతే వయసు మీదకి నెట్టేయకండి. చీలమండ పైన ఎముక మీద వేలితో కాసేపు గట్టిగా నొక్కి చూడండి, గుంట పడి వెంటనే పూడకపోతే ఒంట్లో నీరు చేరినట్టే.

పేస్‌మేకర్ లీడ్, అంటే ఆ వైరు, గుండె కుడివైపు కింది గదిలోకి వెళ్లాలంటే ట్రైకస్పిడ్ వాల్వ్ మధ్యలోంచే వెళ్లాలి. వాల్వ్‌కున్న మూడు రెక్కల్లో ఒకదాన్ని అది నొక్కిపట్టినా, రెక్కకి అతుక్కుపోయినా వాల్వ్ సరిగ్గా మూసుకోదు, రక్తం వెనక్కి తంతుంది.

ముందు ఎకో, అంటే గుండెకి చేసే అల్ట్రాసౌండ్ స్కాన్, తీయించి డాక్టర్‌ని సూటిగా అడగండి: లీకుకి కారణం వైరేనా, లేక గుండె పెద్దదవడం వల్లా? వైద్యమంతా దీని మీదే ఆధారపడుతుంది. మామూలు ఎకోలో తేలకపోతే త్రీడీ ఎకో గానీ, గొంతులోంచి గొట్టం దింపి చేసే టీఈఈ గానీ చేస్తారు. పనిలో పనిగా మొత్తం గుండె చప్పుళ్లలో ఎంత శాతం పేస్‌మేకరే కొట్టిస్తోందో కూడా చెక్ చేయించండి, ఎందుకంటే ఎప్పుడూ కుడి గది నుంచే కొట్టించడం వల్ల కొందరిలో గుండె బలహీనపడుతుంది, అలాంటప్పుడు రెండు కింది గదుల్నీ కలిపి కొట్టించే సీఆర్‌టీకి గానీ, గుండె సొంత విద్యుత్ దారిలోనే కొట్టించే లెఫ్ట్ బండిల్ పేసింగ్‌కి గానీ మారుస్తారు.

ఫ్యూరోసెమైడ్, టార్సెమైడ్ లాంటి మందులు నీటిని లాగేస్తాయి, వాల్వ్‌ని మాత్రం బాగుచేయవు. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలకి మించి పెరిగితే డాక్టర్‌కి ఫోన్ చేయాలి, డోసు సొంతంగా పెంచుకోకూడదు. పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) రక్తపరీక్షలు కూడా చెప్పినప్పుడల్లా చేయించుకోవాలి.

మందులతో లొంగకపోతే తొడ దగ్గరి సిరలోంచి గొట్టం పంపి చేసే చికిత్సలున్నాయి: రెక్కల్ని కలిపి పట్టే ట్రైక్లిప్, కొత్త వాల్వే అమర్చే ఎవోక్. అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రెండింటికీ 2024లో అనుమతిచ్చింది. వైరు ఉన్నచోటుని బట్టి క్లిప్ కుదరకపోవచ్చు. కొత్త వాల్వ్ పెడితే వైరు దాని వెనక ఇరుక్కుపోతుంది, తర్వాత తీయాలంటే మహా కష్టం, కాబట్టి వైరు ఉంచాలా తీయాలా అన్నది ముందే తేలాలి.

తీసేయడం కూడా సిరలోంచే, పాతవాటికి వైరు చుట్టూ అతుకుల్ని కోసే లేజర్ తొడుగు వాడతారు. ఏళ్లు గడిచేకొద్దీ వైరు సిరకి అతుక్కుపోతుంది, లాగేటప్పుడు సిర గానీ గుండె గానీ చిరిగే ప్రమాదం ఉంది కనుక గుండె సర్జన్ సిద్ధంగా ఉండే చోటే చేయించుకోవాలి. అంతా చేసినా లీకు తగ్గుతుందన్న గ్యారంటీ లేదు.

పేస్‌మేకర్ ఉన్నచోట ఎర్రబడి, చీము, జ్వరం వస్తే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఇన్ఫెక్షన్ అని తేలితే ఒట్టి యాంటీబయాటిక్స్‌తో తగ్గదు, సాధారణంగా పేస్‌మేకర్‌నీ వైర్లనీ పూర్తిగా తీసేయాల్సిందే.