పికప్ ట్రక్కులో గేర్‌బాక్స్ కంట్రోల్ మాడ్యూల్ మార్చడం ఎలా?

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న పికప్ నడుస్తూ నడుస్తూ ఒకే గేరులో మొండికేస్తుంది. ఇంజిన్ గోల పెడుతుంది గానీ బండి వేగం అందుకోదు. డాష్‌బోర్డులో ఇంజిన్ లైటు వెలుగుతుంది. అప్పుడు ఎవరి నోటనైనా వచ్చే మొదటి మాట "టీసీఎం పోయింది". అంటే గేర్‌బాక్స్ కంట్రోల్ మాడ్యూల్ పోయిందని. పోయి ఉండొచ్చు. కానీ విప్పి మూలన పడేసిన టీసీఎంలలో నిక్షేపంగా ఉన్నవీ తక్కువేమీ కాదు. ఆ పొరపాటు నేనూ చేశాను. కొత్త మాడ్యూల్ బిగించాక బండి రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచింది, మూడో రోజు వానలో మళ్ళీ అదే తంతు. తీరా చూస్తే ఛాసిస్‌కి బిగించిన ఎర్త్ బోల్టు కింద తుప్పు. ఆ రెండు రోజులు బాగా నడవడం కొత్త మాడ్యూల్ గొప్పతనం కాదు, బ్యాటరీ వైరు తీసి పెట్టడం వల్ల పాత ఎర్రర్ చెరిగిపోయింది, అంతే.

అందుకే విప్పడం కన్నా ముందు చేయాల్సిన పరీక్షల గురించే ఇక్కడ ఎక్కువ చెబుతాను. గేర్‌బాక్స్ బయట ఉండే మాడ్యూల్‌ని విప్పి బిగించడం అరగంట పని.

ముందు కోడ్లు చదవండి

టీసీఎం అంటే ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ మాడ్యూల్. గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్ట్ వేగం, బయటికి పోయే షాఫ్ట్ వేగం, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, ఆయిల్ ఎంత వేడెక్కింది, లివర్ ఎక్కడుంది, ఇవన్నీ చూసుకుని సొలెనాయిడ్లకు (గేర్లు మార్చే ఆయిల్ దారులు తెరిచి మూసే కరెంటు వాల్వులకు) కరెంటు ఇస్తుంది. లెక్క కుదరకపోతే గేర్‌బాక్స్‌ని కాపాడుకోవడానికి బండిని ఒకే గేరులో పెట్టేస్తుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. అంటే గేరు మారకపోవడం చాలాసార్లు మాడ్యూల్ చచ్చిందనడానికి గుర్తు కాదు, అది బతికే ఉండి జాగ్రత్త పడుతోందని గుర్తు.

ఎర్రర్ కోడ్లు చదవడానికి బండికి తగిలించే స్కానర్‌లో పీ0700 కనిపించగానే ఆర్డర్ పెట్టేయకండి. ఆ కోడ్ చెప్పేది ఒక్కటే: "గేర్‌బాక్స్ వైపు ఏదో ఫిర్యాదు ఉంది, అక్కడ అడగండి." చవక స్కానర్లు ఇంజిన్ మాడ్యూల్ వరకే చదివి ఆగిపోతాయి. ట్రాన్స్‌మిషన్ పేజీలోకి వెళ్ళగలిగే స్కానర్ కావాలి. అక్కడ పీ0715 గానీ పీ0720 గానీ ఉంటే స్పీడ్ సెన్సర్ల వైపు, పీ0750 ఉంటే సొలెనాయిడ్ వైపు చూడాలి. పీ0882 అంటే మాడ్యూల్‌కి కరెంటు తక్కువగా అందుతోందని. యూ0101 అంటే టీసీఎం మిగతా మాడ్యూళ్ళతో మాట్లాడటం మానేసిందని. పీ0613 అయితేనే మాడ్యూల్ లోపలి ప్రాసెసర్ మీద నేరుగా అనుమానం. కోడ్లన్నీ ఒక కాగితం మీద రాసుకోండి, అప్పటిదాకా ఏదీ చెరపకండి.

అదే సమయంలో గేర్‌బాక్స్ ఆయిల్ కూడా చూడండి. కాలిన వాసన వస్తున్నా, పాలు కలిపినట్టు గులాబీ రంగులోకి తిరిగినా (రేడియేటర్ నీళ్ళు కలిశాయన్నమాట) మాడ్యూల్ మార్చి లాభం లేదు.

కరెంటు, ఎర్త్

మల్టీమీటర్ తీయండి. బండి ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. అలా లేకపోతే ముందు దాని సంగతి చూసుకోవాలి.

తర్వాత మీ బండి వైరింగ్ డయాగ్రమ్ దగ్గర పెట్టుకుని, వైర్లన్నీ వచ్చి టీసీఎంకి తగులుకునే కప్లర్‌లో మూడు రకాల పిన్నులు గుర్తించండి: ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉండేవి, తాళం తిప్పితేనే వచ్చేవి, ఎర్త్. ఊహించి గుచ్చకండి. ఇగ్నిషన్ ఆఫ్ చేసి కప్లర్ ఊడదీసి, మళ్ళీ తాళం తిప్పి కరెంటు పిన్నులను మీటర్‌తో చూస్తే సరిపోతుందనుకుంటాం, సరిపోదు. పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలిన వైరు కూడా మీటర్‌కి నిండుగా 12 వోల్టులు చూపిస్తుంది. దానికి చిన్న బల్బు తగిలిస్తే తేలుతుంది, గుడ్డిగా మినుకుమంటుంది. సెన్సర్, సొలెనాయిడ్, కమ్యూనికేషన్ పిన్నుల జోలికి మాత్రం ఆ బల్బు తీసుకెళ్ళకండి.

నన్ను ముంచింది ఎర్త్ కాబట్టి దాని పరీక్ష కాస్త వివరంగా చెబుతాను. కప్లర్ పెట్టే ఉంచండి. ఇగ్నిషన్ ఆన్ చేయండి. మీటర్ డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల వైరు బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర వైరు కొసన ఉన్న సన్నటి పిన్నును కప్లర్ వెనుక వైపు నుంచి ఎర్త్ వైరు పక్కగా లోపలికి తాకించండి. రీడింగ్ 0.1 వోల్టు దాటకూడదు. దాటితే ఆ దారిలో ఎక్కడో తుప్పో, వదులు బోల్టో, రంగు పూసిన రేకో ఉంది. మీటర్ అలాగే ఉంచి వైరింగ్‌ని చేత్తో అటూ ఇటూ కదపండి. అంకె ఎగిరిందంటే దొంగ అక్కడే దొరికినట్టు. ఎర్త్ బోల్టు విప్పి, రేకు మెరిసేదాకా రుద్ది, మళ్ళీ బిగించి చూడండి. చాలా బళ్ళు ఇక్కడే బాగుపడతాయి.

కమ్యూనికేషన్ కోడ్ ఉంటే ఇంకో పరీక్ష. బ్యాటరీ వైరు తీసేసి, స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. మాడ్యూళ్ళు మాట్లాడుకునే రెండు వైర్ల క్యాన్ లైనుకి రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి సుమారు 60 రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది, సున్నా దగ్గరికి వస్తే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయి. సాకెట్‌కీ అసలు లైనుకీ మధ్య గేట్‌వే (సందేశాలు దాటించే ఇంకో మాడ్యూల్) ఉన్న బళ్ళలో ఈ లెక్క కుదరదు.

ఆఖరున కప్లర్ లోపల చూడండి. పచ్చటి చిలుము ఉందా? ఎర్రటి ఆయిల్ తడి ఉందా? గేర్‌బాక్స్ దగ్గర సీల్ పోతే ఆయిల్ వైరు పోగుల వెంటే పాకుతుంది, దీపంలో వత్తి నూనె పీల్చుకున్నట్టు, అడుగుల దూరం దాటి మాడ్యూల్ దాకా వచ్చేస్తుంది. అలాంటప్పుడు ఆ సీల్, వైరింగ్ మార్చకుండా కొత్త మాడ్యూల్ పెడితే దాన్నీ ఆయిల్‌లో ముంచినట్టే.

ఇవన్నీ సరిగ్గా ఉండి, అయినా టీసీఎం స్కానర్‌కి పలకకపోతేనో, పీ0613 చెరిపినా మళ్ళీ మళ్ళీ వస్తుంటేనో, అప్పుడు మాడ్యూల్ కొనండి.

ఏది కొనాలి

పాత మాడ్యూల్ మీద ఉన్న పార్టు నంబరు, లేదా దాని బదులు కంపెనీ ఇస్తున్న కొత్త నంబరు సరిపోవాలి. కప్లర్ సరిపోయినంత మాత్రాన కుదరదు. సెకండ్‌హ్యాండ్‌వి చవకే గానీ చాలా వాటిలో పాత బండి వీఐఎన్ (బండి గుర్తింపు) నంబరు ఉండిపోతుంది, కొన్ని రెండోసారి ప్రోగ్రామింగ్‌కి ఒప్పుకోవు. పాతదాంట్లోని డేటా యథాతథంగా కొత్తదాంట్లోకి ఎక్కించే క్లోనింగ్ పనివాళ్ళు ఉంటారు, పాతది కాస్తయినా బతికుంటే అదీ మంచి దారే. నా సలహా: ప్రోగ్రామింగ్ ఎవరు చేస్తారో తేలాకే డబ్బు కట్టండి.

విప్పడం, బిగించడం

మాడ్యూల్ ఎక్కడుందో మాన్యువల్‌లో చూసుకోండి. డాష్‌బోర్డు కిందో, ఇంజిన్ గదిలోనో ఉంటే పని తేలిక. జీఎం 6ఎల్80 లాంటి గేర్‌బాక్స్‌లలో అది లోపలే, ఆయిల్ దారులు మళ్ళించే వాల్వ్ బాడీ మీద ఉంటుంది. అలాంటి వాటికి బండి లేపి, స్టాండ్లు పెట్టి, ఆయిల్ తీసి, పాన్ దించాలి. మళ్ళీ బిగించేటప్పుడు గాస్కెట్, ఫిల్టర్, ఆయిల్ కొత్తవి కావాలి. చోటు శుభ్రంగా లేకపోతే, టార్క్ రెంచ్ లేకపోతే ఆ పనికి దిగకండి.

బయట ఉన్నదాని సంగతి: సమంగా ఉన్న నేల మీద ఆపి, లివర్ పార్క్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి పదిహేను నిమిషాలు ఆగండి. బండి బాడీ మీద రంగు లేని ఇనుము ఒకసారి తాకండి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు దిగిపోతుంది. కప్లర్ లాక్ లేపి నిదానంగా లాగండి, వైర్లు పట్టుకుని పీకకండి. బోల్టులు విప్పి పాతది తీసి, కొత్తది అదే దిశలో కూర్చోబెట్టండి. చిన్న బోల్టులు, పైగా అల్యూమినియం పెట్టె, బలం చూపించొద్దు. కప్లర్ టక్‌మని లాక్ పడాలి. పిన్నులను కంటితో చూడటమే తప్ప వేలితో ముట్టుకోకండి.

ప్రోగ్రామింగ్

కొత్త మాడ్యూల్ పెట్టగానే బండి కదలకపోయినా కంగారు పడకండి. దానికి ఇంకా మీ బండి ఏదో తెలియదు. వీఐఎన్, సాఫ్ట్‌వేర్‌తో పాటు పికప్ విషయంలో ఇంకో రెండు ముఖ్యం: యాక్సిల్ రేషియో (చక్రాల ఇరుసు దగ్గరి పళ్ళచక్రాల నిష్పత్తి), టైరు సైజు. ఒకే మోడల్ పికప్ వేర్వేరు యాక్సిల్ రేషియోలతో వస్తుంది. అవి ఇంజిన్ మాడ్యూల్‌లో ఉన్నా, టీసీఎంలో ఉన్నా, తప్పుగా ఉంటే గేర్లు వేళకి పడవు, స్పీడోమీటరూ అబద్ధం చెబుతుంది.

దీనికి ల్యాప్‌టాప్‌ని బండికి కలిపే జే2534 పాస్‌త్రూ పరికరం, కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్ కావాలి. ఫోనుకి తగిలించే బ్లూటూత్ డాంగిల్ దీనికి పనికిరాదు. సాఫ్ట్‌వేర్ ఎక్కుతుండగా వోల్టేజ్ పడిపోతే మాడ్యూల్ శాశ్వతంగా మూగబోవచ్చు. కాబట్టి బ్యాటరీకి స్థిరంగా వోల్టేజ్ నిలబెట్టే సపోర్ట్ ఛార్జర్ తగిలించండి. లైట్లు, ఏసీ, బ్లోయర్ అన్నీ ఆపేయండి. ల్యాప్‌టాప్‌ని కరెంటు ప్లగ్గుకి పెట్టండి. ఎక్కడం పూర్తయ్యేదాకా తలుపు కూడా తీయకండి. అవగానే అన్ని మాడ్యూళ్ళలోని కోడ్లు చెరిపేయండి.

నేర్పించడం

ఇంజిన్ నడుపుతూ బ్రేకు నొక్కి లివర్‌ని పీ, ఆర్, ఎన్, డీ అన్నింట్లో పెట్టి చూడండి. ఆయిల్ లెవెల్ మాన్యువల్ చెప్పిన వేడిలోనే చూడాలి. స్కానర్‌లో క్విక్ లెర్న్ (కొత్త మాడ్యూల్ మీ గేర్‌బాక్స్ తీరును త్వరగా నేర్చుకునే పద్ధతి) లాంటిది ఉంటే అది నడపండి. లేకపోతే రద్దీ లేని రోడ్డు మీద, యాక్సిలరేటర్ తేలిగ్గా తొక్కుతూ పై గేరు వరకు వెళ్ళడం, మెల్లగా పూర్తిగా ఆపడం, ఇలా పదీ పదిహేను సార్లు చేయండి. మొదట్లో గేర్లు కొంచెం గుద్దినట్టు పడతాయి, క్రమంగా నున్నబడతాయి. ఇంజిన్ ఒక్కసారి అరిచి ఆ తర్వాత గేరు పడటం తగ్గకుండా కొనసాగితే మాత్రం నడపడం ఆపండి, లోపల క్లచ్ ప్లేట్లు జారుతున్నాయేమో చూపించాలి.

పాత మాడ్యూల్‌ని అప్పుడే పారేయకండి. వారం నడిపాక ఇంకోసారి స్కాన్ చేసి, పెండింగ్ కోడ్లు (ఇంకా ఖాయం కానివి) కూడా ఏమీ లేవని చూసుకున్నాకే దాన్ని వదిలించుకోండి.