గ్రీన్ మ్యాట్ పాఠాలు – 4: కీ కంటే ముందు మాస్క్

పోయిన పాఠంలో వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో, ఎంచుకున్న రంగును మాయంచేసే అల్ట్రా కీ ఎఫెక్ట్‌తో మనిషి వెనక గుడ్డ ఆకుపచ్చ తీసేశాం. ఈసారి దానికి లొంగని వాటి సంగతి.

పర్లాకిమిడి, బరంపురం వైపు మనవాళ్లు ఇంటి హాల్లో పాటలు తీస్తుంటారు. గోడకు కట్టిన గుడ్డ ఫ్రేమంతటికీ ఎక్కడ చాలుతుంది? ఓ పక్క స్విచ్ బోర్డు, ఇంకో పక్క లైటు స్టాండు, మూలల్లో నీడపడి నల్లబడ్డ గుడ్డ. ఇవన్నీ కీతోనే పోవాలని అందులోని టాలరెన్స్, పెడెస్టల్ సెట్టింగులు పెంచుకుంటూ పోతే చివరికి పోయేది మనిషి జుట్టు.

అందుకే ముందు మాస్క్, అంటే కావాల్సిన భాగం చుట్టూ గీసే హద్దు. ఎఫెక్ట్ కంట్రోల్స్‌లో ఒపాసిటీ కింద ఉన్న పెన్‌తో మనిషి చుట్టూ వదులుగా గీయండి. ఒంటికి అంటకూడదు, చుట్టూ కాస్త ఆకుపచ్చ మిగలాలి. ఎడ్జ్ కోయడం కీ పని. ఇలా వదులుగా గీసిన మాస్క్‌ను గార్బేజ్ మ్యాట్ అంటారు. మిగిలిన ఆకుపచ్చ దాదాపు ఒకే వెలుగులో ఉంటుంది కాబట్టి కీని ఎక్కువ గుంజక్కర్లేదు.

అల్ట్రా కీ పేరు కిందా ఇలాంటి పెన్నే ఉంటుంది. చాలామంది అక్కడే గీసి తికమకపడతారు. అక్కడ గీస్తే మాస్క్ లోపలే కీ పడుతుంది, బయట స్విచ్ బోర్డు నిక్షేపంలా ఉండిపోతుంది.

పాడేవాళ్లు చెయ్యి చాపితే వేళ్లు మాస్క్ దాటి తెగిపోతాయి. మాస్క్ పాత్‌కు కీఫ్రేములు (ఏ క్షణంలో మాస్క్ ఎలా ఉండాలో చెప్పే గుర్తులు) పెట్టి అక్కడ వెడల్పు చేయండి.

అసలు చిక్కు బరంపురం పట్టుచీరతో. అంచు చిలకపచ్చదైతే కీ దాన్నీ తినేస్తుంది, వెనక పెట్టిన మహేంద్రగిరి కొండ నడుంలోంచి కనిపిస్తుంది. చీర మార్చుకోమంటే పెళ్లిపాటకు ముస్తాబైన ఆవిడ వింటుందా? ఆల్ట్ నొక్కి క్లిప్‌ను పై ట్రాక్‌లోకి లాగితే కాపీ వస్తుంది. అందులో కీని, పాత మాస్క్‌ని తీసేసి, చీర అంచు మీద మాత్రమే కొత్త మాస్క్ గీయండి. ఇది మనిషి ఆకారానికి లోపలే ఉండాలి, బయటికి జరిగితే వెనక గుడ్డ తొంగిచూస్తుంది. ఫెదర్ (మాస్క్ అంచును మెత్తబరిచేది) కొంచెం చాలు. మనిషి కదులుతుంటే మాస్క్ పాత్ పక్కనున్న ట్రాకింగ్ బటన్ నొక్కండి. కుచ్చిళ్ల దగ్గర అది తప్పుతుంది, చేత్తో సరిచేయాలి. పైట ఎగిరే షాటైతే మాత్రం నీలం గుడ్డ కట్టి మళ్లీ తీయడమే తక్కువ పని.

ఇప్పుడు పై ట్రాక్ కన్ను గుర్తు ఆపి, అల్ట్రా కీ అవుట్‌పుట్‌ను ఆల్ఫా ఛానల్‌కు మార్చండి. ఇందులో ఉండేది తెల్లగా, పోయేది నల్లగా, సగం పోయేది బూడిదరంగులో కనిపిస్తుంది. చీర అంచు నల్లగా కనిపించినా ఫర్వాలేదు, దాన్ని పై కాపీ కప్పేస్తుంది. ముఖంలో బూడిదరంగు మచ్చలుంటే కీ ఎక్కువైనట్టే, తగ్గించండి. జుట్టు చివర్ల బూడిదరంగు ఉండాల్సిందే. అక్కడ మిగిలే పచ్చ జీరను వచ్చే పాఠంలో తీద్దాం.