కుక్కపిల్లలు చెప్పులు నమలడం ఎలా మానాయంటే

మా ఇంట్లో బుజ్జి, నల్లోడు అని రెండు నాటు కుక్కపిల్లలు ఉన్నాయి. నాలుగో నెల వచ్చేసరికి గుమ్మంలో ఒక్క చెప్పు మిగల్లేదు. పిల్లల స్కూల్ బూట్లు, అత్తయ్య చాప, సోఫా అంచు, అన్నీ నమిలేశాయి. ఎంత అరిచినా తగ్గలేదు.

పశువుల డాక్టరు గారు వాటి నోరు తెరిచి చూపించారు. 28 పాలపళ్లు రాలి, 42 పళ్లు వచ్చే వయసు అది. ఆరేడు నెలలు నిండేదాకా చిగుళ్లు సలుపుతూనే ఉంటాయి. అది విన్నాక, వాటి మీద చెయ్యెత్తినందుకు నాకు చాలా బాధేసింది. ఆ రోజు నుంచి పాత నూలు తువ్వాలు తడిపి, ముడివేసి, ఫ్రీజర్‌లో పెట్టి చెరొకటి ఇస్తున్నాను. ఆ చల్లదనం చిగుళ్లకు హాయి. దారాలు ఊడితే మింగేస్తాయి కాబట్టి నమిలినంతసేపూ పక్కనే కూర్చుంటాను.

చెప్పు ఎత్తుకెళ్తే వెంటపడటం మానేశాం. మనం పరిగెత్తితే వాటికి అదొక ఆట. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్ ముక్క చూపిస్తే చెప్పు అక్కడే వదిలేస్తాయి. ఉల్లిపాయ తగిలిన కూర ముక్క మాత్రం పెట్టకండి, ఉల్లి కుక్కలకు విషం.

గిన్నె దగ్గర పోట్లాడుకుంటున్నాయని బుజ్జికి పెరట్లో, నల్లోడికి వరండాలో తిండి పెడుతున్నాం. పొద్దున్నే మా ఆయన ఒకదాన్ని, నేను ఒకదాన్ని విడిగా నడిపిస్తాం. రెండూ కలిసి ఉంటే మన మాటే వినవు.

నెల తిరిగేసరికి చెప్పులకు టెన్షన్ పోయింది. నల్లోడు అత్తయ్య కొంగు మాత్రం ఇంకా వదలట్లేదు. "పసివాడమ్మా, ఉండనీ" అంటారావిడ.