సంచిలో మొక్క ఎదగడం లేదా? ఎరువు వేసే ముందు వేరు చూడండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నర్సరీల్లో మొక్క ఎదుగుదల ఆగిందంటే ముందుగా యూరియా, అది పని చేయకపోతే డీఏపీ వేయడం పరిపాటి. అయితే ఆకు మీద కనిపించే లక్షణానికి కారణం చాలాసార్లు వేరు దగ్గర ఉంటుంది. కాబట్టి రెండు మూడు మొక్కలు పోయినా పరవాలేదనుకొని సంచి చింపి, మట్టిగడ్డను బకెట్ నీళ్లలో నానబెట్టి, సన్న వేర్లు తెగకుండా కడిగి చూసిన తరువాతే ఏ మందైనా, ఎరువైనా వాడాలి.

లక్షణం: మొలిచిన రెండు నెలలకు మొక్క గిడసబారడం, ముదురాకులు ఊదా రంగుకు తిరగడం

ఇది భాస్వరం అందకపోవడం వల్ల వచ్చే లక్షణం. అందకపోవడం వేరు, మట్టిలో లేకపోవడం వేరు. ఎర్ర చల్క మట్టిలోని ఇనుప ఆక్సైడ్లు భాస్వరాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి. పైగా భాస్వరం నత్రజని లాగా నీటితో పాటు కదిలి రాదు కనుక, వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నదాన్ని తీసుకున్నాక అక్కడితో ఆగిపోతుంది. ఆ హద్దు దాటి కొన్ని సెంటీమీటర్ల దూరం నుంచి భాస్వరాన్ని, జింకును తెచ్చి వేరుకు ఇచ్చేది మైకోరైజా అనే వేరు శిలీంధ్రం. బదులుగా అది మొక్క తయారు చేసుకున్న చక్కెరలో కొంత వాటా తీసుకుంటుంది. వేప, కానుగ, చింత, టేకు, సీతాఫలం అన్నీ ఈ శిలీంధ్రంతో కలిసి బతికేవే.

ఈ శిలీంధ్రం బతికి ఉన్న వేరు మీదే పెరుగుతుంది కాబట్టి దాని బీజాలు చెట్టూ గడ్డీ ఉన్న నేల పైపొరలోనే ఎక్కువగా ఉంటాయి. జేసీబీతో లోతు నుంచి తవ్వి తెచ్చిన మొరం మట్టితో సంచులు నింపితే బీజాలు దాదాపు ఉండవు. ఒకే మడిలో కొన్ని మొక్కలు గుంపుగా ఏపుగా, పక్కనే మరికొన్ని గుంపుగా పొట్టిగా ఉంటే ముందుగా ఈ కారణాన్నే అనుమానించాలి. మడి అంతా ఒకే తీరుగా పొట్టిగా ఉంటే నీరు, ఎరువు, విత్తనం వైపు చూడాలి. సంచి పైన తెల్లటి బూజు కనిపించగానే మైకోరైజా వచ్చిందని సంబరపడేవారు ఉన్నారు గానీ, అది సాధారణంగా సగం చివికిన పెంట మీద పెరిగే వేరే బూజు. ఈ చెట్ల వేర్లలోని మైకోరైజాను చూడాలంటే వేరుకు రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద పెట్టవలసిందే.

పరిష్కారం సంచులు నింపేటప్పుడే మొదలవ్వాలి. ఆరోగ్యంగా ఉన్న పాత వేప, కానుగ చెట్ల కింద రాలిన ఆకును పక్కకు తీసి, జానెడు లోతు లోపలి మట్టిని సన్న వేర్లతో సహా తెచ్చి, సంచి మట్టిలో పదో వంతు కలపాలి. చెట్టు కింద తెగులు సోకిన మొక్కలు ఉంటే ఆ మట్టి జోలికి పోకూడదు. బజారులో దొరికే వ్యామ్ పొడిని (మైకోరైజా బీజాలున్న పొడి) వాడదలిస్తే విత్తనానికి రెండు మూడు సెంటీమీటర్ల కింద వేయాలి. వేరుకు తగిలితేనే పని చేసే పదార్థాన్ని పైపైన చల్లితే డబ్బు దండగ. ఇప్పటికే పెరిగిన మొక్కలైతే, సన్న పుల్లతో సంచిలో సగం లోతు వరకు రెండు మూడు రంధ్రాలు చేసి అందులో వేసి నీరు పెట్టాలి. వచ్చే ఏడాదికి కావలసిన మట్టిని తొట్టెలో ఈ శిలీంధ్రం కలిపి జొన్న పెంచి సొంతంగా తయారు చేసుకోవచ్చు. రెండు మూడు నెలల తరువాత నీరు ఆపి, చొప్ప కోసేసి, వేర్లను ముక్కలు చేసి మట్టితో కలిపి వాడుకోవాలి.

ఈ మొక్కలకు డీఏపీ వేయడం గురించి ఒక మాట. అందులో 46 శాతం భాస్వరం (P2O5 లెక్కన) ఉంటుంది, మొక్క కొద్దిరోజులు పచ్చబడుతుంది కూడా. కానీ భాస్వరం దండిగా దొరికే మొక్క శిలీంధ్రాన్ని వేరులోకి అంతగా రానివ్వదు. అలా పెరిగిన మొక్కను ఎరువు లేని గుట్ట మీద నాటితే అక్కడ ఎవరు తినిపించాలి?

లక్షణం: కానుగ, తుమ్మ, సుబాబుల్ మొక్కల్లో ముదురాకులు పాలిపోవడం

ఇది నత్రజని లోపం. కడిగిన వేరు మీద బుడిపెలు ఉన్నాయేమో చూసి, ఒకదాన్ని గోటితో చీల్చాలి. లోపల గులాబీ రంగు ఉంటే గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చే రైజోబియం బాక్టీరియా పని చేస్తున్నట్టు, తెల్లగా గానీ ఆకుపచ్చగా గానీ ఉంటే పని చేయనట్టు. బుడిపెలే లేకపోతే అదే జాతి పెద్దచెట్టు కింది మట్టిని గానీ, ఆ జాతికి తగిన రైజోబియంను గానీ ఇవ్వాలి. యూరియా పోస్తూ ఉంటే బుడిపెలు కట్టవు.

లక్షణం: లేతాకులు పసుపు రంగుకు మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉండడం

ఇక్కడ తప్పు ఎక్కువగా నీటిది. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ బోర్ల నీటిలో బైకార్బనేట్లు కూడా ఎక్కువగా ఉండడం మామూలే. ఆ నీరు నెలల తరబడి పోస్తే సంచి మట్టి క్షారంగా మారి, ఇనుము ఉన్నా మొక్కకు అందదు. సంచి అంచున తెల్లటి పొర పేరుకోవడం దీనికి గుర్తు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు చల్లని పూట పిచికారీ చేస్తే కొత్త ఆకులు పచ్చబడతాయి. నీరు మార్చనిదే లోపం మళ్లీ వస్తుంది కాబట్టి, వీలైతే చెరువు నీరు లేదా నిల్వ చేసిన వాన నీరు వాడాలి.

శ్రీగంధం సంగతి వేరు. అది ఇతర మొక్కల వేర్ల నుంచి ఆహారం లాక్కునే మొక్క కనుక, సంచిలో తోడు లేక పాలిపోయిందేమో ముందు చూసి, పక్కన కంది గానీ పొన్నగంటి గానీ నాటాలి.

లక్షణం: మొలకలు మొదలు దగ్గర మెత్తబడి ఒరిగిపోవడం

ఇది నారుకుళ్లు తెగులు. దీనికి కారణమైన పిథియం, రైజోక్టోనియా వంటివి చేటు చేసే జాతులు. తడి ఆరకుండా నీరు పెట్టడం, చివకని పెంట, ఒత్తుగా విత్తడం వాటికి అనుకూలిస్తాయి. చచ్చిన మొలకలను మట్టితో సహా తీసివేసి, నీరు తగ్గించి, గాలి ఆడనివ్వాలి. ఏటా వస్తుంటే ఎండాకాలంలో మడి తడిపి పారదర్శక పాలిథిన్ పట్టా కప్పి నాలుగైదు వారాలు ఉంచాలి. ఆ వేడికి మంచి శిలీంధ్రం కూడా తగ్గుతుంది కాబట్టి తరువాత చెట్టు కింది మట్టిని తప్పక కలపాలి. కార్బెండజిమ్ మందుతో మట్టిని తడిపితే మైకోరైజా కూడా దెబ్బతింటుంది.

లక్షణం: నర్సరీలో బాగుండి, నాటాక ఏడాదైనా అలాగే ఉండిపోవడం

సంచి అడుగున వేర్లు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. నాటే ముందు సంచిని పూర్తిగా తీసివేసి, అడుగున అంగుళం మేర చుట్టుకున్న వేర్లను పదునైన కత్తితో కోయాలి. గుంత తవ్వేటప్పుడు పైమట్టిని ఒక పక్క, లోపలి మొరాన్ని మరో పక్క వేసి, పైమట్టినే వేర్ల చుట్టూ నింపాలి. మృగశిరలో పడ్డ తొలి జల్లుకు తొందరపడకుండా, నేల మూరెడు లోతు తడిసేదాకా ఆగి నాటాలి.