టెక్సాస్‌లో పోలీసు మీ కారు ఆపితే వీడియో తియ్యొచ్చా?

మా అక్క కొడుకు ఎమ్మెస్‌కని డాలస్ వచ్చాడు. కారు కొన్న వారానికే అడిగాడు: "పిన్నీ, పోలీసు ఆపినప్పుడు వీడియో తీస్తే లోపలేస్తారా?" తీసే హక్కు నీకుందిరా అన్నాను. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, మీ పిల్లలకీ పనికొస్తుందని.

డ్యూటీలో ఉన్న పోలీసుని బయట వీడియో తియ్యడం అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ ఇచ్చిన హక్కు. టెక్సాస్‌ మీద అధికారం ఉన్న ఐదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2017లో టర్నర్ కేసులో ఆ మాట తేల్చి చెప్పింది. ఆ కేసు ఇక్కడి ఫోర్ట్ వర్త్‌దే. రోడ్డుకి అవతల కాలిబాట మీద నిలబడి పోలీస్ స్టేషన్‌ని వీడియో తీస్తున్న మనిషికి సంకెళ్లు వేసి కార్లో కూర్చోబెట్టారు. మాటలు రికార్డు చెయ్యడానికీ అడ్డం లేదు. టెక్సాస్‌లో మాట్లాడుకునే వాళ్లలో ఒక్కరు ఒప్పుకుంటే చాలు, ఆ ఒక్కరూ మీరే. వేరే రాష్ట్రాల్లో ఈ ఆడియో నియమం మారుతుంది, అక్కడిది చూసుకోండి.

హక్కు ఉన్నా, తీసే పద్ధతి తెలియక నేను ప్రాణం మీదికి తెచ్చుకున్నాను. ఒక రాత్రి ఎల్‌బీజే ఫ్రీవే మీద నన్ను ఆపారు. ఆఫీసర్ కిటికీ దగ్గరికి వచ్చాక, సీటు కింద పడ్డ ఫోన్ కోసం వంగాను. ఆయన గొంతు మారిపోయింది, చెయ్యి తుపాకీ మీదికి వెళ్లింది. వెనక సీట్లో నా ఆరేళ్ల కూతురుంది. ఆపింది వెనక లైటు వెలగనందుకు!

అందుకే ఫోన్ ఎప్పుడూ ఏసీ వెంట్ క్లిప్పులో ఉండాలి. వెనక పోలీసు కారు లైట్లు కనపడగానే ఇండికేటర్ వేసి కుడి పక్కన ఆపండి, లోపలి లైటు వెయ్యండి, రికార్డింగ్ నొక్కండి. ఇదంతా ఆయన కారు దిగేలోపే. తర్వాత రెండు చేతులూ స్టీరింగ్ మీదే. "ఆఫీసర్, రికార్డు చేస్తున్నాను" అని ఒక్కసారి చెప్పండి. టెక్సాస్‌లో చెప్పి తీరాలని లేదు, కానీ నేను చెప్తాను. లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితం తీసేముందు కూడా ఎక్కడున్నాయో చెప్పి, ఆయన సరే అన్నాకే చెయ్యి కదపండి. పక్కన మనిషి ఉంటే తీసే పని వాళ్లకే ఇవ్వండి.

దిగమంటే దిగాల్సిందే, 1977లోనే సుప్రీంకోర్టు ఆ అధికారం ఇచ్చింది. ఫోన్ క్లిప్పులోనే వదిలెయ్యండి, ఆడియో అయినా పడుతుంది. వీడియో ఆపమంటే "ఇది నా హక్కు" అని మెల్లగా ఒకసారి అనండి. ఫోన్ లాక్కుంటే గుంజుకోవద్దు, విధులకి అడ్డుపడ్డారని ఇంకో కేసు అవుతుంది. ఫోన్‌లో వెతకడానికి మాత్రం మామూలుగా వారెంట్ కావాలి, అది 2014 సుప్రీంకోర్టు తీర్పు. "నేను ఒప్పుకోవడం లేదు" అని నోటితో చెప్పండి. మీ ముఖం ముందు పెట్టి ఫోన్ తెరవకుండా, ముందే ఫేస్ లాక్ తీసేసి నంబరు లాక్ పెట్టుకోండి.

ఇంటికి రాగానే తేదీ, సుమారు టైము, ఆపిన చోటు రాసిపెట్టుకోండి. పోలీసు ఒంటి మీది కెమెరా వీడియో కావాలని అర్జీ పెట్టాలంటే ఆ మూడూ, ఆ వీడియోలో ఉన్న ఒకరి పేరూ అడుగుతారు. ఆ పేరు మీది రాస్తే చాలు.