మిషన్‌లో పెట్రోల్ వదిలేసి వానాకాలం దాటించకండి

2018లో తిత్లీ తుఫానుకి పడిపోయిన కొబ్బరిచెట్లు కొయ్యడానికని ఉద్దానంలో చాలామందిలాగే నేనూ చైన్ సా కొన్నాను, నాలుగైదేళ్ళు బాగానే నడిచింది, ఈమధ్య జీడితోటలో ఎండుకొమ్మలు కొడదామని తీస్తే తాడు లాగి లాగి నా భుజం పోయింది గానీ అది స్టార్ట్ అవ్వలేదు. మెకానిక్ కార్బరేటర్ విప్పితే లోపలుండే పల్చటి రబ్బరు పొర, అదే డయాఫ్రం, అట్టముక్కలా బిగుసుకుపోయుంది, పెట్రోల్ పైపైతే చేత్తో పట్టుకోగానే తెగొచ్చింది.

సంగతేటంటే ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాత చైన్ సాలు, బ్రష్ కట్టర్ల పుస్తకాలు తిరగేస్తే చాలావాటిలో 10 శాతం దాకే అనుంటాది. రబ్బరు పాడవ్వడం ఒక్కటే అయితే పర్లేదు, పైపు మార్చుకుంటాం. అసలు ముప్పు తేమతో. ఇథనాల్ గాల్లో తడి పీల్చేస్తాది, మన సముద్రం గాలికి ఇంక చెప్పక్కర్లేదు. తడి ఎక్కువైతే నీళ్ళూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి, ఇంజన్ అరక్కుండా మనం పెట్రోల్లో కలిపే 2టీ ఆయిల్ మాత్రం పైనున్న పెట్రోల్‌తోనే ఉండిపోతాది. ఫిల్టర్ ఉండేది అడుగునే కదా, ఆయిల్ లేని సరుకే ఇంజన్‌కి పోతాది, పిస్టన్ పట్టేస్తాది. రోజూ తిరిగే మోటార్‌సైకిల్‌కి ఈ బాధ తక్కువ, నెలల తరబడి మూలనుండే వీటికే.

అందుకే పనికి ఎంత కావాలో అంతే కలపండి. ఆయిల్, పెట్రోల్ పాళ్ళు 1:50 అయితే లీటరుకి 20 మి.లీ. ఆయిల్, 1:25 అయితే 40. కలిపింది రెండు వారాల్లో అవగొట్టేయండి, కూల్‌డ్రింక్ బాటిల్లో పోసి అటక మీద పెట్టే అలవాటు మానేయండి, మూత బిగుతుగా పట్టే పెట్రోల్ డబ్బా వాడండి.

జీడిగింజల పని అయిపోయాక ట్యాంకు ఒంపేసి, స్టార్ట్ చేసి దానంతటదే ఆగిపోయేదాకా వదిలేయండి, కార్బరేటర్లో మిగిలిన చుక్క కూడా కాలిపోతాది. ఈ ఒక్కటీ చేస్తే సగం రిపేర్లు రావు.

పెట్రోల్లో ఇథనాల్ ఎంతుందో చూడాలంటే కొలత గీతలున్న గాజు సీసాలో 100 మి.లీ. పెట్రోల్, 20 మి.లీ. నీళ్ళు పోసి ఊపి కాసేపు ఉంచండి. అడుగున నీళ్ళు 40 దగ్గరకి పెరిగాయంటే ఆ పెరిగిన 20 ఇథనాలే. ఆ పెట్రోల్ మాత్రం మళ్ళీ మిషన్‌లో పొయ్యకండి, పొయ్యి దగ్గరైతే ఈ పనే చెయ్యకండి.